సబ్బు మినహాయింపు

ల్యాబ్ వెనకున్న డబ్బాల షెడ్డు గడప తొక్కాలంటే ఇందుమతికి రోత. తలుపు తీయకముందే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఆ వాసన కొంగుని ఖాతరు చేసేది కాదు. రేవుపాలెం కాలనీలోని మూడువందల గడపల ఉచ్చ మూడువందల నీలం డబ్బాల్లో, రేకుల కప్పు కింద ఎండకి మాగుతూ ఉంటే ఎలా ఉంటుందో చెప్పడానికి ఎమ్మెస్సీలో చదివిన మాటలు చాలవు. చదువు దాన్ని అమ్మోనియా అని ఊరుకుంటుంది. కళ్లు మండటం, నాలిక మీద ఉప్పగా ఏదో అంటుకున్నట్టుండటం, ఇంటికెళ్లి రెండుసార్లు తలంటుకున్నా జడలోంచి అదే కంపు రావడం, ఇవేవీ ఆ పేరులో లేవు.

ఆ కంపులో పైడితల్లి చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి డబ్బాలు తోమేది. యాభై దాటిన మనిషి. రేవుపాలెంలోనే ఇల్లు. కొత్తలో రెండు చేతులా రెండు డబ్బాలు ఎత్తి తొట్లో ఒంపేది. నాలుగో నెలకి ఒక్కో డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆగి ఆగి ఎత్తేది. డబ్బాల అడుగున సున్నంలా తెల్లగా ఏదో కట్టుకుపోయేది. దాన్ని చిప్పతో గీకి పారేసేది.

ఆవిణ్ణి ఆ షెడ్డుకి తోలింది ఇందుమతే. ఎందుకు తోలిందో తెలియాలంటే ముందు సబ్బు సంగతి తెలియాలి.

సముద్రాల అవతలి నుంచి ఫాస్ఫేట్ రాయి మోసుకొచ్చే ఓడలు రావడం మానేసి అప్పటికి మూడేళ్లు. ఆ రాయి కరిగిస్తేనే ఫాస్ఫారిక్ యాసిడ్. అది లేకుండా ఇల్లు గడవదని జనానికి అప్పుడే తెలిసొచ్చింది. చేలకి ఎరువు లేదు. కూల్‌డ్రింకు తాగితే పులుపు తగలక చక్కెరపాకంలా వెగటు. రేవులో క్రేన్లకి పట్టిన తుప్పు వదిలించే మందు లేదు. ఆఖరికి ఇందుమతి భర్త భానోజీ, పళ్ల డాక్టరు, పిప్పిపళ్లు పూడ్చేముందు పంటి మీద రాసే నీలం జెల్ కూడా దొరక్క మూడు నెలలు చేతులు ముడుచుకు కూర్చున్నాడు. అన్నిట్లోనూ ఉన్నది ఆ ఒక్క యాసిడే.

విశాఖ పొలిమేరలో, ఒక పాత కోల్డ్ స్టోరేజీని ల్యాబ్‌గా మార్చుకుని, పదేళ్లుగా దీనిమీదే పనిచేస్తున్న పరాంకుశం గారు అప్పుడు 'చేద'ని పుట్టించారు. ఆయన ల్యాబ్‌కి డైరెక్టరు, అరవై ఏళ్ల బ్రహ్మచారి. చేద కంటికి కనబడని సూక్ష్మజీవి. నూతిలో నీళ్లు తోడినట్టు, ఎక్కడ వేస్తే అక్కడి ఫాస్ఫరస్‌ని తోడి పోస్తుంది. ముందు ఉచ్చ తొట్లలో వేసి చూశారు. పని చేసింది గానీ వచ్చింది చారెడు. దాంతో ఆయన చేదని షర్బత్‌లో కలిపి మనుషుల చేత తాగించారు. కడుపులో రెండు మూడు రోజులుండి పోతుంది, అందుకని రోజూ ఒక గ్లాసు తాగాలి. తాగినవాళ్ల ఉచ్చలో ఫాస్ఫరస్ నాలుగింతలు.

"తిన్నదాంట్లో ఒంటికి పట్టనిదే బయటికొస్తుంది. ఎలాగూ మురుగులో పోయేదేగా!" అనేవారాయన.

ముందు ల్యాబ్‌లో పన్నెండుమంది తాగారు, నలభై రోజులు. ఇందుమతీ తాగింది. పాలు, గుడ్లు, పప్పు తిన్నారు, సుబ్బరంగా ఉన్నారు. తరవాత రేవుపాలెం కాలనీకి మొదలుపెట్టారు. నిండిన డబ్బా ఇస్తే ఒక కూల్‌డ్రింకు సీసా ఊరికే. ఆ సీసాలో పులుపు ఎక్కడిదో అందరికీ తెలుసు. మొదట్లో మొహాలు చిట్లించారు, జోకులేసుకున్నారు, ఆనక అలవాటైపోయింది. వచ్చిన పెద్దమనుషులకి పరాంకుశం గారు ఒకటే తమాషా చూపించేవారు. తుప్పుపట్టిన మేకుని యాసిడ్‌లో ముంచి, నల్లబడి శుభ్రమైనదాన్ని పైకి తీసి, అదే సీసాలోంచి ఒక్క చుక్క సోడాలో వేసుకుని గటగటా తాగేవారు. చిక్కగా తేనెలా జారే ద్రవం, నీళ్లంత తేట, ఏ వాసనా లేదు. "యాసిడ్‌కి కులగోత్రాలుండవండీ," అనేవారు. అందరూ నవ్వేవారు.

చేదకి ఒకే ఒక్క గండం. దాన్ని ఎప్పుడూ ఫాస్ఫరస్‌కి మొహంవాచేలా పెంచాలి. ఒక్కసారి కడుపునిండా దొరికిందంటే ఇక తోడటం మరిచిపోతుంది. దాని పిల్లలకీ ఆ విద్య రాదు. కొరత రోజుల్లోనూ పాత నిల్వలతో తయారయ్యే బట్టల సబ్బు పొడిలో ఫాస్ఫేట్ దండిగా ఉంటుంది. అందుకని ఆ ల్యాబ్‌లో సబ్బు మైల. గాజుసామాను పలచటి యాసిడ్‌తో కడిగి నీళ్లతో తొలిచేవారు. చేతులకి కుంకుడు రసం. ఇంటి నుంచి తెచ్చిన క్యారియర్ని సైతం గేటు బయట కుళాయి కింద మూడుసార్లు తొలిచి లోపలికి తేవాలి. డైరెక్టరు గారి పంచెలు కూడా కుంకుడుకాయలతోనే ఉతికేవారని చెప్పుకునేవారు. ల్యాబంతా ఎప్పుడూ తలంటు రోజులా వాసనేసేది.

పైడితల్లి అప్పట్లో ఆ గాజుసామాను కడిగేది.

కాలనీ నమూనాల్లో ఫాస్ఫరస్ లెక్క చూడటం ఇందుమతి పని. మాలిబ్డేట్ మందు చుక్కలు వేస్తే, ఎంత ఫాస్ఫరస్ ఉంటే అంత నీలం తిరుగుతుంది. మొదటి నెల లేతనీలం. రెండో నెల రెండో వారంలో గొట్టాలు సిరాబుడ్డీల్లా నల్లనీలం తిరిగాయి. కాలనీవాళ్లు తినేది రేషన్ బియ్యం, చింతపండు చారు. ఆ తిండిలో అంత ఫాస్ఫరస్ ఉండనే ఉండదు. ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఇందుమతికి జవాబు తట్టడానికి అర నిమిషం పట్టలేదు.

"పైడితల్లీ, సబ్బు పెట్టి తోమావా?"

"నేదు మేడమ్‌గోరూ. సబ్బు నానెందుకు ముట్టుకుంతాను?"

"మరి ఇంత నీలం ఎలా వచ్చింది?"

"నాకేటి తెలుస్తాది? యాసిడ్డెట్టి కడిగీసి, నీల్లెట్టి నాలుగుపాలీలు తొలిసీసినాను. నా పిల్లల మీదొట్టు."

"ఒట్లెందుకు? పని త్వరగా అవుతుందని చిటికెడు పొడి వేసుంటావు. ఒప్పుకుంటే ఏం పోతుంది?"

ల్యాబ్‌లో అందరూ చూస్తుండగా అడిగింది. పైడితల్లి సంచీ తీసి బల్ల మీద బోర్లించి చూపించింది. తమలపాకులు, ఒక దువ్వెన, తాళంచెవి. ఇందుమతి ఆ సంచీని వాసన కూడా చూసింది. ఆ పూటే ఆవిణ్ణి గాజుసామాను దగ్గర్నుంచి తీసేసి డబ్బాల షెడ్డుకి మార్చమని చీటీ రాసింది.

షెడ్డుకి మార్చినా నీలం తగ్గలేదు. ఇప్పుడు డబ్బాలు కడిగేది పైడితల్లే కదా! ఈ మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి సబ్బు వెంటేసుకుపోతోందని ఇందుమతి పళ్లు నూరుకుంది. వచ్చిన అంకెలోంచి మూడో వంతు కొట్టేసి, ఆ గడికి 'సబ్బు మినహాయింపు' అని పేరు పెట్టి, ప్రతి పేజీ కిందా సంతకం చేసింది. నాలుగు నెలలు. మినహాయింపు పోగా మిగిలిన అంకెలు తిన్న తిండికి సరిపోయి ముచ్చటగా ఉండేవి.

రసాయనం చదివే చంటిపిల్లకి కూడా మొదటి రోజు నేర్పేది ఒకటే. పాత్ర మీద అనుమానమొస్తే, ఉత్త పాత్రలో ఉత్త నీళ్లు పోసి పరీక్ష చెయ్యి. ఇందుమతి ఆ పని చెయ్యలేదు. పనిమనిషిని అనుమానించడానికి పరీక్ష ఎందుకనుకుంది.

ఒక సాయంత్రం ఇంట్లో దొండకాయ వేపుడు వడ్డిస్తుంటే భానోజీ అన్నాడు:

"ఇందూ, మీ రేవుపాలెం వాళ్లకి ఏమైందోయ్? ఈ వారం నలుగురొచ్చారు. పన్ను పీకుదామని పట్టుకుంటే చాలు, చేతిలోకి వచ్చేస్తోంది. పాతికేళ్ల పిల్లలు! ఎక్స్‌రే తీస్తే దవడెముక జల్లెడలా ఉంది."

"వక్క నములుతారు. శుభ్రం ఉండదు," అంది ఇందుమతి.

"వక్కకి పళ్లు గారపడతాయి. ఎముక కరగదు."

"అన్నం తినేటప్పుడు ఆ సంగతులెందుకండీ?"

భానోజీ మజ్జిగ పోసుకున్నాడు. ఇందుమతి ముద్ద కలపబోయి ఆగింది. డబ్బా అడుగున గీకిన తెల్లటి చెక్కు కళ్లముందుకొచ్చింది. కంచం పక్కకి నెట్టి లేచిపోయింది. వాసన గుర్తొచ్చిందని చెప్పుకుంది గానీ, గుర్తొచ్చింది వాసన కాదు.

మర్నాడు శుక్రవారం. పదకొండింటికి షెడ్డులోంచి ఏదో పెద్దగా పడిన చప్పుడు, వెనకే కేక.

పైడితల్లి ఉచ్చ మడుగులో పడి ఉంది. జారి పడలేదు. డబ్బా ఎత్తుదామని కాలు ఊనింది, అంతే. తుంటి దగ్గర ఎండుపుల్ల విరిగిన చప్పుడు తనకే వినబడిందట. డబ్బా ఒంటి మీద ఒలికింది. జుట్టు, జాకెట్టు అన్నీ తడిసి, ఆ తడి మీద ఈగలు ముసురుతున్నాయి. ఇందుమతి గుమ్మంలో నిలబడిపోయింది. దగ్గరికి పోయి పట్టుకోవాలని మనసు తోస్తోంది, ఒళ్లు వెనక్కి లాగుతోంది. అసహ్యమే గెలిచింది. ఇద్దరు మగవాళ్లు వచ్చి ఎత్తుకెళ్లే దాకా ఆమె కొంగు ముక్కు మీంచి తీయలేదు.

రేకు మీద పడుకోబెట్టి తీసుకెళ్తుంటే పైడితల్లి తల తిప్పి ఆమెను చూసింది.

"సబ్బు మీన జారినాదని రాసీగలరు మేడమ్‌గోరూ. ఇక్కడ సబ్బు నేదు."

ఆ మాట ఇందుమతికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. అందరూ వెళ్లిపోయాక, పైడితల్లి కడిగి బోర్లించిన డబ్బా ఒకటి తీసుకుంది. అందులో శుద్ధమైన నీళ్లు పోసి, గిలకరించి, గొట్టంలోకి ఒంపి, మాలిబ్డేట్ చుక్కలు వేసింది. అయిదు నిమిషాలు చూసింది. పది నిమిషాలు చూసింది. గొట్టంలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నీలం జాడ లేదు. ఇంకో డబ్బా. ఇంకోటి. ఏడు డబ్బాలు కడిగి చూసింది. ఆ ల్యాబ్‌లో అంత శుభ్రంగా తోమిన పాత్రలు ఇంకెక్కడా లేవు.

నూటపద్నాలుగో నెంబరు డబ్బా వెతికింది. పైడితల్లి ఇంటిది. ఒక గొట్టంలో అది పోసింది. పక్క గొట్టంలో, సిగ్గు చంపుకుని, తనది. కాలనీ నమూనాలకి ఎన్నడూ చెయ్యని పరీక్ష అప్పుడు చేసింది. రెండింట్లోనూ ఆక్సలేట్ చుక్కలు వేసింది. అది సున్నం, అదే కాల్షియం, ఉంటే పట్టిచ్చే మందు. తన గొట్టంలో సన్నటి పొగలాంటి మసక. పైడితల్లి గొట్టంలో పాలు విరిగినట్టు తెల్లగా ముద్దలు కట్టి అడుగుకి దిగాయి. ఫాస్ఫరస్, సున్నం రెండూ కలిసి ఒంట్లో ఉండేచోటు ఒక్కటే. తిండిలో లేనప్పుడు చేద ఊరుకోలేదు. ఎముకల్లోంచి తోడింది.

ఇందుమతి సింకు దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. పొద్దున తాగిన కూల్‌డ్రింకు పుల్లగా ముక్కుల్లోంచి వచ్చింది. ఆ పులుపు ఎవరి తుంటిలోదో ఇప్పుడు తెలుసు. నోరు పుక్కిలించింది, మళ్లీ పుక్కిలించింది. తన నాలిక మీద తనకే రోత పుట్టింది. తెలివితక్కువతనం అనుకుంటే క్షమించుకోవచ్చు. తను చేసింది తెలివితక్కువతనం కాదు. నాలుగు నెలలు మూడువందల ఇళ్ల ఎముకలు అంకెలై బల్ల మీదకొస్తే, సబ్బని కొట్టేసింది. కొట్టేసిన ప్రతిచోటా సంతకం పెట్టింది.

సోమవారం మధ్యాహ్నం పరాంకుశం గారి గదిలో ఆ రెండు గొట్టాలూ పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశారు. ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకి మొదటి దెబ్బ.

"మీకు తెలుసా సార్?"

"తెలుసని ఎలా అంటాను? చూడలేదు."

"మన పన్నెండుమందికి చేసినప్పుడు కాల్షియం గడి ఉంది. కాలనీ ఫారంలో లేదు. ఎవరు తీసేశారు?"

"నేనే." ఆయన గొంతు మెల్లగా, చల్లగా ఉంది. "చూస్తే ఆగిపోవాలమ్మా. ఆగిపోతే ఈ వానాకాలం నాలుగు జిల్లాల్లో నాట్లుండవు. ఎరువు లేని వరి ఎలా ఉంటుందో పోయినేడు చూశావుగా, గడ్డికి పనికిరాలేదు. అంతమంది అన్నానికి ముందు ఈ మూడువందల ఇళ్లు, తరవాత మిగతా కాలనీలు కొంచెం కొంచెం ఇస్తే..."

"కొంచెమా? ఆవిడ తుంటి విరిగింది సార్."

"పాలు తాగమందాం."

"పాలు తాగే స్తోమతుంటే ఉచ్చ డబ్బాకి సీసా తీసుకుంటారా? పోనీ మనమిద్దాం కొంచెం కొంచెం. మీరూ నేనూ, చారూ అన్నం తింటూ. తాగుతారా?"

ఆయన సొరుగు లాగారు. ఆమె పట్టికల కట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"రేపు రాజధాని నుంచి కమిటీ వస్తోంది. నాలుగు జిల్లాల కాలనీలన్నిటికీ షర్బత్ ఇవ్వడానికి అనుమతి. షర్బత్ వల్ల హాని లేదనడానికి మన దగ్గరున్న రుజువు ఇదొక్కటే. పేజీ పేజీకీ ఎవరి సంతకం ఉందో చూసుకో. రేపు నువ్వు ఏం చెప్పినా ముందు నీ గురించి చెప్పుకోవాలి."

మంగళవారం ఇందుమతి చెప్పుకుంది. కమిటీలో నలుగురు. పెద్దాయన కాషాయరంగు కోటు వేసుకున్నాడు. ఆమె నిలబడి, పైడితల్లిని ఎలా అనుమానించిందీ, ఏ పరీక్ష చెయ్యలేదో, ఏ గడి ఎందుకు లేదో, అంతా వరసగా చెప్పి గొట్టాలు చూపించింది.  చెప్పడం అయ్యాక కూర్చుంది. ఇక ఆపేస్తారనుకుంది.

కోటాయన ముందుకి వంగాడు.

"అంటే మీరు సబ్బని కొట్టేసిన మూడో వంతు కూడా నికరమైన దిగుబడేనన్నమాట! ఇన్నాళ్లూ తక్కువ చూపించారా?"

పక్కాయన నోటుపుస్తకంలో రాసుకుంటూ, "దానికి పరిహారంగా సున్నం బిళ్లలు పంచితే సరి. ఆర్నెల్లకోసారి," అన్నాడు.

పరాంకుశం గారు తల దించుకున్నారు. ఆయనకి కూడా సిగ్గేసిందేమో.  "భోజనాలయ్యాక సంతకాలు పెట్టేద్దాం," అన్నాడు కోటాయన.

భోజనాలు వరండాలో. క్యాటరింగువాళ్లు మాంసం పులుసు, కోనాం చేప వేపుడు తెచ్చారు. కోటాయన మూలుగెముక ఏరుకుని, ఒక చివర నోట్లో పెట్టుకుని జుర్రుమని పీల్చాడు. రాకపోతే పళ్లెం మీద టకటకా కొట్టి మళ్లీ పీల్చాడు. గెడ్డం మీద నూనె కారుతోంది. పక్కన చల్లటి కూల్‌డ్రింకు. ఎముక గుల్ల చేసి పక్కన పారేసి, సీసా ఎత్తి ఒక గుక్క తాగి, తృప్తిగా త్రేన్చాడు.

"పులుసు అదిరిందండీ. వడ్డించుకోండమ్మా," అన్నాడు ఇందుమతితో.

ఛీ, అనుకుంది ఆమె. పైకే అందేమో కూడా. షెడ్డులో మూడువందల డబ్బాలు మూతలు తీసి పెట్టినా ఇంత కంపు కొట్టవు. అక్కడ అసహ్యించుకోవాల్సింది ఏమీ లేదని, అది మనుషుల ఒంట్లోంచి వచ్చిన ఉత్త నీళ్లని ఆ క్షణాన అర్థమైంది. ముక్కు మూసుకోవాల్సింది ఇక్కడ.

వరండా వెనక కుళాయి దగ్గర క్యాటరింగు ఆడవాళ్లు ఇద్దరు అంట్లు వేసుకుని కూర్చున్నారు. పళ్లేల మీద జిడ్డు వదలాలి కదా, పక్కన సబ్బు పొడి ప్యాకెట్టు. గేటు దగ్గర అందరి క్యారియర్లూ తొలిపించే మనిషికి కమిటీవాళ్ల వంటసామాను ఆపే ధైర్యం లేకపోయింది. పదేళ్లలో మొదటిసారి ఆ ఆవరణలోకి సబ్బు వచ్చింది.

"ఒకసారి ఇస్తావా అమ్మా? మళ్లీ తెచ్చిస్తాను," అంది ఇందుమతి.

చేద మూల ఫ్లాస్కులు నాలుగే నాలుగు. ఎవరైనా ఎత్తుకుపోతారని పరాంకుశం గారు ఇంకెక్కడా పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. షర్బత్ తొట్టికి వారం వారం వీటిలోంచే తోడు వేసేవారు. ఆ గది తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉండేది. రెండోది ఇందుమతిది. తలుపు తీసి నాలుగూ బల్ల మీద వరసగా పెట్టింది. ఒక్క నిమిషం నాట్లు లేని చేలు కళ్లల్లో మెదిలాయి. పోయినేటి తాలు వెన్నులు. ఈ ఏడు అన్నం కరువైతే అందులో తన చెయ్యి ఉంటుంది. దానికి సర్దుబాటు మాట ఏదీ ఆమెకి దొరకలేదు. దొరకనివ్వకుండానే ప్యాకెట్టు చించింది.

ఒక్కో ఫ్లాస్కులో గుప్పెడు. మూతి మూసి కుదిపింది. తెల్లటి నురగ పొంగి వేళ్ల మీదుగా కారింది. మిగిలింది తీసుకెళ్లి షర్బత్ తొట్టిలో ఒంపి తెడ్డు తిప్పింది. నిమ్మకాయ, మల్లెపువ్వు కలిపిన చవక వాసన కుంకుడు వాసనని తోసేసి గదంతా పరుచుకుంది. పండగ పూట ఉతికిన బట్టల వాసన. ఎన్నాళ్ల తరవాతో ఇందుమతి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు రిజిస్టరు తెరిచి, కలం తీసి, కుదురుగా కూర్చుని రాసింది.

వాసనకే పరాంకుశం గారు పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. నురగ చూశారు, ఆమెను చూశారు. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు.

"పదేళ్లు, ఇందుమతీ."

"అవును సార్."

"పోలీసులకి చెప్పాల్సొస్తుంది."

"చెప్పండి. రిజిస్టరులో రాసిపెట్టాను, టైముతో సహా."

ఆయన రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు. వరండాలోంచి కోటాయన ఎవరినో తమలపాకులు అడుగుతున్నాడు.

పోలీసులు రాకముందు ఇందుమతికి ఒక గంట దొరికింది. రిజిస్టరు పేజీకి నకలు తీసి, సంచీలో పెట్టుకుని, ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్లింది. ఆడవాళ్ల ఎముకల వార్డులో చివరి మంచం. పైడితల్లి కాలికి బరువు కట్టి వేలాడదీశారు. తుంటికి మేకు వేద్దామంటే అది పట్టుకోవడానికి ఎముక గట్టిగా లేదని, చేతికర్ర లేకుండా ఇక నడవదని డాక్టరు బయటే చెప్పాడు. పక్క మంచాల్లో రేవుపాలెం వాళ్లే ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల తలగడల దగ్గర ఖాళీ కూల్‌డ్రింకు సీసాలున్నాయి.

ఇందుమతి మంచం అంచున కూర్చుంది. పైడితల్లి జుట్టులో ఇంకా షెడ్డు వాసన ఉంది. ఈసారి కొంగు ముక్కు దగ్గరికి పోలేదు.

"పైడితల్లీ, షర్బత్ ఆగిపోయింది. ఇక రాదు. ఫ్లాస్కుల్లో సబ్బు కలిపేశాను."

పైడితల్లి తలగడ మీంచి తల ఎత్తింది.

"మీరా?"

"నేనే."

"నానెట్టనేదని తెలిసినాదా మరి?"

"తెలిసింది. ఏడు డబ్బాలు చూశాను. నా తప్పు. నీ ఎముకలు..." ఇందుమతి ఆ వేలాడే కాలి వైపు చూసింది. "నీ ఎముకలు నేను తిరిగి తేలేను."

"ఎముకల మాట డాక్టరుబాబు సెప్పినాడులే." పైడితల్లి చెయ్యెత్తి అడ్డంగా ఊపింది. "అది కాదు. ఆ రోజు అందరి ముందూ నా సంచీ వాసన సూసినారు. ఆ మాట కాయితం మీన ఉండిపోనాది గదా. అది కొట్టీసినారా, నేదా?"

ఇందుమతి నకలు తీసింది.

"సదవండి. నాకు సదువు రాదు."

"మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చేద మూల ఫ్లాస్కుల్లోనూ, షర్బత్ తొట్టిలోనూ సబ్బు కలిసింది. కలిపింది ఇందుమతి. గత నాలుగు నెలల్లో 'సబ్బు మినహాయింపు' అని ఇందుమతి రాసిన అంకెలన్నీ అబద్ధం. ఆ ఫాస్ఫరస్ రేవుపాలెం మనుషుల ఎముకల్లోది. పైడితల్లి ఈ ల్యాబ్‌లో ఎన్నడూ సబ్బు వాడలేదు. ఆవిడ కడిగిన పాత్రల్లో ఏ మలినమూ లేదు."

పక్క మంచాలవాళ్లు తలలు ఇటు తిప్పారు. వార్డు గుమ్మం దగ్గర ఖాకీ బట్టలు కనిపించాయి, ఎవరో ఇందుమతి పేరు అడుగుతున్నారు. ఆమె కాగితం మడవబోయింది. పైడితల్లి మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ వేళ్లలో బలం లేదు, అయినా వదల్లేదు.

"ఆలని నిలబడమనండి," అంది పైడితల్లి. "ఇంకోపాలి సదవండి. ఈపాలి గట్టిగా సదవండి."